మోకాలు మళ్ళీ మన మాట వినాలంటే

కాలు విరిగిందంటే వీధి వీధంతా పరామర్శకు వస్తుంది. మోకాలు బెణికిందంటే మాత్రం ఎవరూ లెక్కచెయ్యరు. "కాస్త నూనె రాసి కట్టు కట్టండి, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అని ఎవరి దారిన వారు పోతారు. విరిగిన ఎముక రెండు మూడు నెలల్లో అతుక్కుని ఊరుకుంటుంది. బెణికిందనుకున్న మోకాలు ముప్ఫయి ఏళ్ళు వెంటాడగలదు. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నా కుడికాలే అందుకు సాక్ష్యం.

1988 లో, నాకు ఇరవై ఒకటో ఏట, మా ఊరి బడి ఆవరణలో వాలీబాల్ ఆడుతూ బంతికోసం ఎగిరాను. ఎవరూ నన్ను తాకలేదు, తొయ్యలేదు. కాలు నేలమీద ఆని కొంచెం పక్కకు తిరిగింది, అంతే. మోకాటిలో 'టప్'మని చప్పుడయింది. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత అయింది. పట్నం తీసుకుపోయి ఫోటో తీయిస్తే ఎముక చెక్కుచెదరలేదన్నారు. తొడనుంచి చీలమండదాకా ఆరువారాలు పిండికట్టు వేశారు. కట్టు విప్పిన రోజున చూసుకుంటే తొడ కాస్తా వెదురుబొంగులా అయి ఉన్నది. కసరత్తు చెయ్యమని చెప్పినవారు లేరు. చెయ్యాలని నాకు తెలియదు. నొప్పి తగ్గింది గదా అని నాలుగో నెలలో మళ్ళీ ఆటకు దిగాను. మోకాలు మళ్ళీ జారింది. ఆ తరువాత ఎన్నిసార్లు జారిందో లెక్కలేదు. ఇప్పుడు రెయిలింగు పట్టుకోనిదే మెట్లు దిగలేను.

ఈ కథ ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. 2018 లో మా అక్కయ్యకూతురు చేత చెప్పించుకున్నది.

లోపల తెగేదేమిటి?

మోకాలంటే పైనుంచి తొడ ఎముక, కిందనుంచి కాలి ఎముక వచ్చి కలిసే చోటు. పై ఎముక కొస గుండ్రంగా ఉంటుంది. కింది ఎముక తల ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. బల్లమీద బంతి నిలిచినట్లు ఒకదానిమీద ఒకటి నిలవాలంటే చుట్టూ పట్టి ఉంచే మోకులు కావాలి. ఆ మోకులే లిగమెంట్లు. ముఖ్యమైనవి నాలుగు. రెండు మోకాటికి చెరొక పక్కన ఉంటాయి. మిగిలిన రెండూ కీలు నడుమ కత్తెర వేసినట్లు ఒకదాని నొకటి దాటుకుంటూ ఉంటాయి. ఆ కత్తెరలో ముందుదానిని డాక్టర్లు ఏ.సి.ఎల్. అంటారు. దాని పొడవు సుమారు మూడు సెంటీమీటర్లే. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు అతిగా మెలిపడకుండా అదే కాపలా.

పరుగెడుతూ టక్కున ఆగినా, కాలు ఊని ఒళ్ళు తిప్పినా, ఎగిరి వంకరగా దిగినా ఈ మోకు తెగవచ్చు. చాలాసార్లు ఎదుటివాడు తాకకుండానే తెగుతుంది. ఒకే ఆట ఆడే యువతీ యువకులలో ఈ దెబ్బ ఆడపిల్లలకు ఎక్కువగా తగులుతుంది. టప్ మనే చప్పుడు, కొద్ది గంటలలోనే పొంగుకువచ్చే వాపు, బరువు మోపితే మోకాలు 'నాది కాదు' అన్నట్లు జారిపోవటం, ఇవీ దీని గుర్తులు. మామూలు ఎక్సరేలో ఎముకలే గాని లిగమెంటు కనిపించదు. డాక్టరు చేతితో పరీక్షించి, ఎం.ఆర్.ఐ. తీయించి నిర్ధారణ చేస్తారు. అందాకా వాచిన మోకాటికి మర్దనలు చేయించవద్దు.

మా మేనకోడలు అప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం. కాలేజీ కబడ్డీ జట్టులో గట్టి రైడరని పేరు. జులై నెలలో, కూతకు వెళ్ళి గీత దాటి వెనక్కు తిరగబోతూ కూలబడింది. చప్పుడు విన్నానని అది చెప్పగానే నా గుండె జల్లుమన్నది.

ఆపరేషను తప్పదా?

ఇంట్లో మొదటి ప్రశ్న ఇదే. "పెళ్ళి కావలసిన పిల్ల, మోకాటిమీద కత్తిగాట్లేమిటి?" అని మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకున్నది. అందరికీ ఆపరేషను తప్పదన్న మాట నిజం కాదు. స్వీడన్‌లో ఈ దెబ్బ తగిలిన 121 మంది యువతీ యువకులను రెండు వర్గాలు చేసి, 2010 లో ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గానికి వెంటనే ఆపరేషను, ఆపైన వ్యాయామ చికిత్స చేశారు. రెండవ వర్గంలోని 59 మందికి మొదట వ్యాయామ చికిత్సే ఇచ్చి, మోకాలు నిలవనివారికి మాత్రం తరువాత ఆపరేషను చేశారు. రెండేళ్ళు గడిచేసరికి ఈ వర్గంలో ఆ లిగమెంటుకు ఆపరేషను చేయించుకున్నవారు 23 మంది. మోకాటి బాగోగులలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అయితే ఎవరి మోకాలు వారిది. నడుస్తూ ఉండగానే జారిపోయే మోకాలికి, లోపలి మెత్తని దిండ్లు కూడా చిరిగినవారికి, కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి మెలికల ఆటలకు తిరిగి పోవాలనుకునేవారికి సాధారణంగా ఆపరేషనే సలహా ఇస్తారు. మా పిల్లకు దిండు కూడా చిరిగింది. ఆగస్టు నెలలో, తొడ వెనుకనుండి తీసిన నరంవంటి కండర పట్టీతో కొత్త లిగమెంటు అమర్చారు.

ఆపరేషనైన మరునాడు సర్జనుగారు అన్న మాట మాకందరికీ గుర్తుండిపోయింది: "నా పని గంటన్నరలో అయిపోయింది. ఇక తొమ్మిది నెలల పని ఈ అమ్మాయిది."

దిండు తీసెయ్యండి, మామ్మగారూ!

ఇంటికి తీసుకువచ్చాక మా అమ్మ చేసిన మొదటి పని, మనుమరాలి మోకాలికింద మెత్తని దూదిదిండు పెట్టటం. పిల్లకు హాయిగా ఉన్నది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి గుమ్మంలో అడుగుపెడుతూనే చూసి, "ముందు ఆ దిండు తీసెయ్యండి, మామ్మగారూ!" అన్నది.

మా అమ్మకు కోపం వచ్చింది. కాని ఆ అమ్మాయి ఓపికగా విప్పి చెప్పింది. దిండుమీద మోకాలు కొంచెం వంగి ఉంటుంది. వంగి ఉన్నంతసేపూ నొప్పి తెలియదు. కాని రెండు మూడు వారాలు అట్లాగే ఉంచితే కీలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. పూర్తిగా చాపటానికి రాదు. మోకాలు తిన్నగా చాపలేని మనిషి జీవితాంతం కుంటవలసినదే. అందుచేత దిండు పెట్టదలిస్తే మడమకింద పెట్టాలి. మోకాలు గాలిలో తేలి, దాని బరువుకు అదే తిన్నబడాలి.

అప్పటినుంచీ మా అమ్మ తుండుగుడ్డ చుట్టచుట్టి మడమకింద పెడుతూ గడియారం చూసేది.

ఆ తరువాతి పాఠం ఇంకా విచిత్రం. "తొడ బిగించు" అంటే మా పిల్ల పళ్ళు బిగించిందే గాని తొడ కదలలేదు! కండ తెగలేదు, నరం తెగలేదు. మరెందుకు కదలదు? మోకాటిలో వాపు ఉన్నంతకాలం అక్కడినుంచి వెళ్ళే సంకేతాలు ముందు తొడకండను పని చెయ్యనివ్వవు. ఆరోగ్యంగా ఉన్న మోకాటిలోకి ద్రవం ఎక్కించినా తొడకండ చప్పబడుతుందని 1965 లోనే డాక్టర్లు ప్రయోగం చేసి చూపించారు. ఇంటిలో అతిథి అలిగితే దీపం ఆర్పుకుని కూర్చున్నట్లు, కీలు అలిగితే కండ నిద్రపోతుంది. కొద్ది రోజులలోనే చిక్కటం మొదలవుతుంది. నా తొడ వెదురుబొంగు కావటానికి కారణం ముప్ఫయి ఏళ్ళ తరువాత ఆనాడు తెలిసింది.

నిద్రపోయిన కండను లేపే కసరత్తు చూడటానికి చాలా చిన్నది. కాలు చాపుకుని, మోకాలి వెనుక తువ్వాలు చుట్ట ఉంచి, దానిని మంచానికేసి అదిమి, అయిదు లెక్కపెట్టి వదలటం. పదిసార్లు. రోజుకు నాలుగైదు విడతలు. ఆరవనాడు మోకాటిచిప్ప పైకి కదిలినప్పుడు ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరి చూశారు.

ఆ రోజులలోనే, ఆగస్టు 20 న, జకార్తా ఏషియన్ గేమ్సులో వినేశ్ ఫోగట్ కుస్తీలో బంగారు పతకం గెలిచింది. 2016 లో రియో ఒలింపిక్సులో మోకాలు దెబ్బతిని ఆమెను స్ట్రెచరుమీద మోసుకుపోవటం మా పిల్ల టీవీలో చూసి ఉన్నది. "రెండేళ్ళు పట్టింది, మామయ్యా" అన్నది, టీవీకేసి చూస్తూ, మడమ కింద తుండుగుడ్డ చుట్టతో.

సైనికులు నేర్పిన పాఠం

దెబ్బతిన్న కాలికి బరువులెత్తించాలన్న ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవటం బాగుంటుంది. రెండవ ప్రపంచ యుద్ధం చివర, అమెరికాలోని చికాగోలో ఒక సైనిక ఆస్పత్రి మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులతో నిండి ఉండేది. ఆనాటి పద్ధతి ప్రకారం దీర్ఘ విశ్రాంతి, ఆపైన తేలికపాటి కదలికలు మాత్రమే. నెలలు గడిచినా మంచాలు ఖాళీ అయ్యేవి కావు. అక్కడికి డాక్టరు థామస్ డిలోర్మ్ వచ్చాడు. చిన్నతనంలో జబ్బుపడి లేచాక బరువులెత్తి ఒళ్ళు బాగుచేసుకున్న మనిషి. ఆయన సైనికుల పాదాలకు ఇనుప బూట్లు తొడిగి, పదిసార్లకు మించి ఎత్తలేనంత బరువు కట్టి, కండ బలపడిన కొద్దీ ఆ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945 లో ఫలితాలు ప్రకటించాడు. కండ ఓపినంత బరువు, వారం వారం కొంచెం పెంపు అన్నదే ఈనాటికీ వ్యాయామ చికిత్సకు మూలసూత్రం.

అయినా మోకాటి ఆపరేషను తరువాత మాత్రం చాలాకాలం కాలును కదలనిచ్చేవారు కాదు. ఇండియానాపొలిస్ నగరంలో షెల్బోర్న్ అనే సర్జను ఒక వింత గమనించాడు. చెప్పిన మాట వినకుండా కాలు ముందుగానే చాపి, ముందుగానే బరువు మోపి నడిచిన రోగులే, బుద్ధిమంతులకంటె బాగా కోలుకుంటున్నారు! కొత్త లిగమెంటు వదులు కాలేదు సరికదా, కీలు బిగుసుకుపోలేదు. 1990 లో ఆయన ఈ సంగతి ప్రకటించాక ప్రపంచమంతటా పద్ధతి మారింది. ఈనాడు చాలామందికి ఆపరేషనైన మరునాడే కర్రల ఊతతో నడక ప్రారంభిస్తారు.

నాకు ఆరువారాల పిండికట్టు వేసినవారిని నిందించను. ఆ రోజులవి.

ఇసుక సంచులు

రెండవ వారం దాటాక మోకాలు వంచటం మొదలయింది. గోడకు ఆనుకుని, మడమను జరుపుకుంటూ మోకాలు మడవాలి. మొదట తొంభై డిగ్రీలు, ఆపైన నెలన్నరకు నూట ఇరవై దాకా. కాలు తిన్నగా ఉంచి పైకెత్తటం, కర్రలు వదిలి అద్దం ముందు కుంటకుండా నడవటం, కదలని సైకిలు తొక్కటం, కుర్చీమీద సగం కూర్చుని లేవటం, ఎత్తుపీటమీద ఎక్కి దిగటం, ఒంటికాలిమీద నిలవటం, ఇవి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

మూడవ వారంలో తిన్నగా ఎత్తే కాలికి బరువు కట్టాలని ఫిజియోథెరపిస్టు చెప్పింది. బజారులో కొందామని మా బావగారు బయలుదేరుతుండగా మా అమ్మ, "ఎందుకు దండగ?" అని పాత జంపఖానాగుడ్డ చింపి, రెండు పొడుగాటి సంచులు కుట్టి, ఇసుక జల్లించి నింపి, తక్కెటలో తూచింది. ఒకటి అరకిలో, ఒకటి కిలో. దిండు పెట్టిన చెయ్యే బరువు కట్టింది. ప్రేమంటే రెండూనని నాకు అప్పుడు తోచింది.

మన ఇళ్ళల్లో మరొక చిక్కున్నది. మనం నేలమీద బాసీపెట్లు వేసుకుని కూర్చుంటాము, పీటలమీద భోంచేస్తాము. ఇవి మోకాలు పూర్తిగా మడిచే పనులు. పడమటి దేశాలవారికి ఈ గొడవ తక్కువ. గొంతుకు కూర్చోవటం, నేలమీద కూర్చోవటం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునూ, ఫిజియోథెరపిస్టునూ అడిగి మరీ చెయ్యాలి. దిండుకు కుట్టు వేసినవారికి ఇది ఇంకా ఆలస్యం. ఆ నెలలలో మా అక్కయ్యవాళ్ళింట్లో పిల్ల కుర్చీలో భోంచేస్తే, తోడుగా వాళ్ళ అమ్మమ్మ కూడా కుర్చీలోనే భోంచేసింది.

"నొప్పి లేదు గదా, మామయ్యా!"

డిసెంబరులో కాలేజీల పోటీలు వచ్చాయి. ఆపరేషనై నాలుగు నెలలయింది. వాపు లేదు, నొప్పి లేదు, నడకలో కుంటు లేదు. జట్టువారు ఫోను చేశారు. "పది నిమిషాలు ఆడి వస్తాను" అన్నది పిల్ల. మా బావగారు కూడా మెత్తబడ్డారు. "నొప్పి లేదు గదా, మామయ్యా! నువ్వయినా చెప్పు" అని నాకేసి తిరిగింది.

అప్పుడు ప్యాంటు మోకాలిపైకి మడిచి, నా రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించాను. 1988 నాటి కథ చెప్పాను. "నాలుగో నెలలో నాకూ నొప్పి లేదమ్మా" అన్నాను.

అసలు మోసమంతా ఇక్కడే ఉన్నది. కొత్తగా అమర్చిన పట్టీ మొదటినుంచీ లిగమెంటు కాదు. అందులోని పాత జీవకణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరి, మెల్లమెల్లగా లిగమెంటు స్వభావం తెచ్చుకుంటుంది. ఇందుకు ఏడాది, అంతకు పైన కూడా పడుతుంది. ఈ మార్పు జరుగుతుండగా, మొదటి కొద్ది నెలలలోనే అది అన్నిటికంటె బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజులలోనే నొప్పి పోతుంది! నొప్పి పోవటం వేరు, నయం కావటం వేరు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016 లో ప్రకటించిన ఒక లెక్క ప్రకారం, మెలికల ఆటలకు తిరిగి పోవటం తొమ్మిదవ నెలదాకా వాయిదా వేసిన ఒక్కొక్క నెలకు, మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం ఇంచుమించు సగం తగ్గుతూ వచ్చింది.

మరునాడు ఫిజియోథెరపిస్టు వాదించలేదు. కుర్చీ తెచ్చి వేసి, "ఒంటికాలిమీద కూర్చుని లే, అమ్మా. ఎన్నిసార్లు లేవగలవో లెక్కపెడదాము" అన్నది. మంచికాలితో ఇరవై రెండుసార్లు లేచింది. ఆపరేషను కాలితో పదకొండోసారి మోకాలు వణికి లోపలికి ఒరిగింది. పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. పొద్దున్నే లేచి ఇసుక సంచి కట్టుకున్నది.

పోటీలు అది లేకుండానే జరిగాయి. జట్టు ఓడిపోయింది.

పరీక్ష

ఆ తరువాత మెల్లగా పరుగు, ఆపైన రెండు కాళ్ళతో గెంతి మెత్తగా దిగటం, తరువాత ఒంటికాలి గెంతులు, చివరకు పరుగులో ఆగి తిరగటం నేర్పారు. దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరగకుండా, పాదం వేళ్ళకు ఎదురుగా ఉండేటట్లు వందలసార్లు దిద్దారు. ఇది ఒక కాలికి చికిత్స మాత్రమే కాదు. రెండవ మోకాలికి ఇదే దెబ్బ తగలకుండా కాపు కూడా.

ఆటకు అనుమతి క్యాలెండరు చూసి మాత్రమే ఇవ్వరు. తొమ్మిది నెలలు నిండాలి, తొడ బలంలోనూ, ఒంటికాలి గెంతు దూరంలోనూ ఆపరేషను కాలు రెండవదానిలో కనీసం నూటికి తొంభై వంతులు ఉండాలి, వాపు రాకూడదు, మనసులో బెదురు ఉండకూడదు. ఈ చివరిది చిన్నది కాదు. కాలు సిద్ధమయినా మనసు సిద్ధం కాక ఆటలు మానుకున్నవారు చాలామంది ఉంటారు.

2019 జూన్‌లో నేలమీద టేపు పరిచారు. మంచికాలితో 132 సెంటీమీటర్లు, ఆపరేషను కాలితో 124. నూటికి తొంభై మూడు దాటింది. మా అమ్మ టేపును రెండుసార్లు చూపించమని అడిగి, తరువాత దేవుడి గదిలోకి వెళ్ళింది.

ఇంటివారు గమనించవలసినవి

ఆపరేషనైన కాలి పిక్క నొప్పెట్టి వాచినా, ఊపిరి ఆడనట్లున్నా, గుండెలో నొప్పి వచ్చినా గంటకూడా ఆగక ఆస్పత్రికి పోవాలి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. జ్వరం వచ్చినా, గాటునుంచి చీము, ఎరుపు కనిపించినా వెంటనే డాక్టరుకు చూపాలి. కసరత్తు చేసిన మరునాడు వాపు పెరిగితే మోకాలు 'ఎక్కువయింది' అని చెబుతున్నదన్నమాట. ఆ రోజు బరువు తగ్గించాలి, మానెయ్యకూడదు. ఒకరికి చెప్పిన కసరత్తు మరొకరు చూసి చెయ్యరాదు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు వద్దకు పోయినా, మోకాలు బాగుపడేది మిగిలిన వేళల్లో ఇంట్లో చేసిన దానివల్లనే.

అతి విశ్రాంతి ఒక శత్రువు. అతి తొందర రెండవ శత్రువు. నేను మొదట ఒకదానికి, తరువాత రెండవదానికి లొంగాను. మా మేనకోడలు రెండింటినీ గెలిచింది. ఆ సంవత్సరం జట్టులో ఆడింది, పతకాలేమీ రాలేదు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నది. పండుగకు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మమ్మను చెయ్యి పట్టుకుని కొండమెట్లు ఎక్కిస్తుంది, దింపుతుంది.

నా సంగతి అంటారా? ఒకనాడు ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయే, "కండకు వయసుతో పని లేదండీ. అరిగిన కీలు కొత్తది కాదు గాని, బలమున్న తొడ దాని బరువు కొంత మోస్తుంది" అన్నది. ఇసుక సంచులు రెండూ ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. అరకిలోతో మొదలుపెట్టాను. పోయిన నెలనుంచి కిలో సంచి కడుతున్నాను.

రెయిలింగు ఇంకా వదలలేదు. పట్టు మాత్రం సడలింది.